కొట్లాడి తెచ్చుకున్న పదిహేను

ఆ రోజుల్లో మార్కులు ఎలా వస్తాయని ఎవరూ అడిగేవాళ్లు కాదు. సారు కాగితం చేతికిచ్చేవారు, మొదటి పేజీ మూలన ఎర్రసిరాతో ఒక అంకె ఉండేది, దాన్ని చూసి నవ్వడమో ఏడవడమో మా వంతు. ఆ అంకె వెనక ఒక లెక్క ఉంటుందని, ఆ లెక్కకు మళ్లీ ముక్కలుంటాయని, ఆ ముక్కల్లో సగం ముక్కలు కూడా ఉంటాయని మాకెవరికీ తెలియదు. తెలిసిన పెద్దవాళ్లు చెప్పేవాళ్లు కాదు. వర్షం ఎందుకు పడలేదని మబ్బును నిలదీయనట్టే, మార్కు ఎందుకు పడలేదని సారును నిలదీయకూడదని అందరం ఒప్పుకొని బతుకుతున్న కాలం అది. నేను మాత్రం పదో తరగతిలో ఒకసారి నిలదీశాను. దానివల్ల నాకు ఏం ఒరిగిందో చెబుతాను, నవ్వుకోండి, కానీ చివరిదాకా విన్నాక నవ్వుకోండి.

మాది శామీర్‌పేటకు రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు కనిపించే చోటల్లా అప్పుడు ద్రాక్షతోటలుండేవి. మా నాయినకు శామీర్‌పేట చౌరస్తాలో మోటారు వైండింగ్ దుకాణం. ఎండలు ముదిరితే వోల్టేజీ పడిపోయేది, వోల్టేజీ పడిపోతే తోటల్లో బోరు మోటార్లు మాడిపోయేవి, అవి మాడిపోతేనే మా ఇంట్లో పొయ్యి మండేది. బడి వదలగానే నేను నేరుగా దుకాణానికి వెళ్లి రాగితీగ చుట్లు లెక్కపెట్టేదాన్ని. నా జడకు కొబ్బరినూనె వాసన కన్నా వార్నిషు వాసనే ఎక్కువొస్తుందని అమ్మ గొణిగేది. నాకది గొప్పగా అనిపించేది. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలని, నాయిన అంచనాతో చేసే పనిని నేను లెక్కతో చెయ్యాలని కోరిక. బడిలో నన్నందరూ 'లొల్లి' అనేవాళ్లు. (పేరు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కాలేదని అప్పట్లో చాలా గట్టిగా వాదించాను కూడా.)

మా ఫిజికల్ సైన్సు సారు రోజూ స్కూటరు మీద వచ్చేవారు. పాఠం బాగానే చెప్పేవారు. కానీ ఆయన చేతికి కాగితం వెళ్లిందంటే మాత్రం, ఎంత చక్కగా రాసినా ఎక్కడో ఒక చోట అరమార్కు కోయందే ఆయనకు అన్నం సయించేది కాదు. చాటుగా ఆయన్ని మేం 'అరమార్కు సారు' అనేవాళ్లం. ఆయనకు తెలియదనుకునేవాళ్లం. పేపరు మొత్తం యాభై మార్కులకు. రాసే జవాబులకు ముప్పై ఐదు, బిట్లకు పదిహేను. బిట్లు ముప్పై, ఒక్కోదానికి అరమార్కు. (భౌతికశాస్త్రం వెంట రసాయనశాస్త్రం కూడా అందులోనే ఉండేది. దానితో నాకేం గొడవ లేదు. దానికే నాతో ఉండేదేమో.) పద్దెనిమిది వస్తే పాసు.

పబ్లిక్ పరీక్షలకు నెలన్నర ముందు ప్రీ-ఫైనల్ పెట్టారు. అయ్యాక సారు తరగతిని రెండుగా చీల్చారు. పద్దెనిమిదీ ఆపైనా వచ్చినవాళ్లు గదిలోపల. వాళ్లకు సాయంత్రం పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు కూడా ఆయనే శిక్షణ ఇస్తారు. పద్దెనిమిది రానివాళ్లు వరండాలో. వాళ్ల పేరు 'మినిమం బ్యాచి'. వాళ్లకు పది ప్రశ్నలిస్తారు, వాటినే పబ్లిక్ దాకా రోజూ బట్టీ కొట్టాలి. నాకు పదహారు వచ్చాయి. పాలిటెక్నిక్ చదవాల్సిన మనిషి వరండాలో గోడకు ఆనుకొని కూర్చోవాలన్నమాట.

కాగితం తిరగేస్తే కనబడింది అసలు సంగతి. రెండు మార్కుల ప్రశ్న ఒకటి: ఇళ్లలో విద్యుత్ పరికరాలను సమాంతరంగా ఎందుకు కలుపుతారు? ప్రశ్నపత్రంలో దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అది మా ఇంటి ప్రశ్న. నేను రాసింది ఇదీ, అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఇంట్లో బల్బులను పెళ్లిలో కట్టే సీరియల్ బల్బుల లాగా కలిపితే ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. అప్పుడు ఏది మాడిందో వెతకడానికే తెల్లారుతుంది. అంతేకాక ఫ్యాను కావలసినవాళ్లు లైటు కూడా వేసుకోక తప్పదు, పైగా రెండూ నీరసంగా నడుస్తాయి. అందుకే దేని దారి దానికి వేరుగా ఇస్తారు. అనుమానం ఉంటే శామీర్‌పేట చౌరస్తాలో మా నాయిన దుకాణానికి రండి, కలిపి చూపిస్తాడు." దాని పక్కన ఎర్రసిరాతో సున్న. మామూలు సున్న కాదు, రెండుసార్లు తిప్పిన సున్న.

కాగితం పట్టుకొని బల్ల దగ్గరికి వెళ్లాను. మా తరగతిలో అలా వెళ్లడం అప్పటిదాకా లేదు.

"సార్, గీ జవాబుకు సున్న ఎందుకు వెట్టిండ్రు?"

"ఎందుకంటే అది జవాబు గాదు. ముచ్చట."

"తప్పు రాసిన్నా సార్?"

"తప్పని నేనన్ననా? గైడ్ల నాలుగు పాయింట్లున్నయి. వోల్టేజీ సమానంగ ఉంటది, ఫలిత నిరోధం తగ్గుతది, గట్ల. నువ్వు ఒక్కటన్న రాసినవా?"

"రాసిన సార్. వేరే మాటల్ల రాసిన."

"వేరే మాటలకు వేరే బడి ఉంటది. పోయి కూసో."

కూర్చోలేదు. "గైడ్ల ఉన్నట్టే రాయాలని ఏడ రాసున్నది సార్?" అన్నాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకొని, బహుశా నన్ను వదిలించుకోవడానికే, ఒక రహస్యం చెప్పేశారు. "పబ్లిక్ పేపర్లు దిద్దేటోళ్లకు బోర్డు నుంచి స్కీమొస్తది. ఏ ప్రశ్నల ఏ ముక్కకు ఎంత మార్కని. గది పిల్లలకు జూపియ్యరు." చూపించరన్న మాట ఆయన నాకు చెప్పకుండా ఉండాల్సింది.

సాయంత్రం దుకాణంలో నాయినకు కాగితం చూపించాను. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. పట్కారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, నా జవాబును రెండుసార్లు పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇందుల తప్పేమున్నది బిడ్డా?"

"పాయింట్లు లేవంట నాయినా."

"ఇరవై ఏండ్ల సంది నేను గిట్లనే కలుపుతున్న. ఇది సున్న అయితే గీ చౌరస్తల లైట్లెలుగుతున్న దుకాన్లన్నీ సున్ననే." పట్కారు మళ్లీ చేతిలోకి తీసుకొని అన్నాడు, "పోయి సక్కగ అడుగు. లొల్లి వెట్టకు. అడుగు." (అడగటమూ లొల్లి పెట్టడమూ వేర్వేరు పనులని నాకు తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.)

స్కీము సంగతి తెలిసిన మనిషి మా చుట్టాల్లో ఒకాయన ఉన్నాడు. అమ్మకు వరుసకు మేనమామ, నాకు తాత. సైన్సు పాఠాలు చెప్పి రిటైరై మచ్చ బొల్లారంలో ఉండేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎండాకాలం సెలవుల్లో పబ్లిక్ పేపర్లు దిద్దడానికి వెళ్లేవాడు. ఆదివారం పొద్దున నా స్నేహితురాలిని వెంటబెట్టుకొని బస్సెక్కాను. ఆమెను బడిలో 'నిద్ర' అనేవాళ్లు. ఆ పేరెందుకో ఎవరూ అడగనక్కర్లేదు. తనకు ప్రీ-ఫైనల్‌లో తొమ్మిది వచ్చాయి. తొమ్మిదికి ఏ కొట్లాటా సరిపోదని తనకు తెలుసు, అయినా బస్సులో కిటికీ పక్కన పడుకోవచ్చని వచ్చింది. మచ్చ బొల్లారానికి దిగాల్సిన అల్వాల్ స్టాపులో ఆమెను లేపి దించేలోపల కండక్టరు చేత నాలుగు మాటలు పడ్డాం.

తాత వాకిట్లో చాటలో బియ్యం ఏరుతున్నాడు. నా కాగితం తీసుకొని ఆ జవాబు చదివి, ఆఖరి వాక్యం దగ్గర ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగాక అడిగాడు.

"గీ ఆఖరి మాట ఎందుకు రాసినవే?"

"దిద్దేటోళ్లకు నమ్మకం కుదరాలని."

"దిద్దేటోడు ఏ ఊర్లనో ఉంటడు బిడ్డా. ఎర్రపెన్ను వట్టుకొని, సల్లబడ్డ చాయ్ పక్కన వెట్టుకొని, కట్టలకు కట్టలు దిద్దుతుంటడు. వాడు నీ నాయిన దుకానానికి ఎట్లొస్తడు? వాడు నీ పగోడు గాదు. మార్కు ఏడ వెయ్యాల్నో ఎతుకుతుంటడు. నువ్వు దాన్ని ముచ్చట్ల కింద దాస్తున్నవ్."

తర్వాత నాలుగు మార్కుల లెక్క ఒకటి తీసుకొని నాకు విప్పి చూపించాడు. చాటలోంచి బియ్యపు గింజలు ఏరి అరుగు మీద వరుసగా పెట్టాడు. ఇచ్చిన విలువలు రాస్తే ఒక నూక, అంటే అరమార్కు. సూత్రం రాస్తే ఒక గింజ. సూత్రంలో విలువలు పెడితే ఇంకో గింజ. జవాబు సరిగ్గా వస్తే ఇంకొకటి. జవాబు పక్కన ప్రమాణం, అంటే మీటరో వోల్టో రాస్తే మళ్లీ ఒక నూక. లెక్క తప్పినా సూత్రం గింజ ఎక్కడికీ పోదు. బొమ్మ వంకరగా ఉన్నా భాగాల పేర్లు రాస్తే వాటి గింజలు వాటివే. బిట్‌పేపరులో మాత్రం ఒక అక్షరాన్ని దిద్ది ఇంకో అక్షరం చేస్తే, సరైనదైనా నూక కూడా దక్కదు. నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. నాయిన మోటారు పైమూత తీసినప్పుడు లోపలి చుట్లు కనిపించినట్టు పరీక్ష లోపల ఏముందో నాకు మొదటిసారి కనిపించింది. ఈ లోపల నిద్ర అరుగు మీది గింజల్లోంచి రెండున్నర మార్కులు నమిలి మింగేసింది.

"సొంత మాటల్ల రాస్తెనో?" అడిగాను.

"భావం సరిగుంటే ఇయ్యాలె. గది గూడ స్కీముల ఉంటది, ఆఖర్ల."

"గా ముక్క రాసియ్యి తాతా, సారుకు జూపిస్త."

"రాసియ్య. నేను చిట్టీ రాస్తె గది నా కొట్లాటైతది. నీది నువ్వే వెట్టుకో. గానీ ఒక్కటి యాదుంచుకో. స్కీము రెండు దిక్కుల కోస్తది."

ఆ చివరి మాట నా చెవిలో పడింది గానీ లోపలికి వెళ్లలేదు. లోపల ఖాళీ లేదు. బస్సులో వస్తున్నంతసేపూ సారుతో ఏమనాలో, దానికి ఆయన ఏమంటారో, దానికి నేను ఏమనాలో కూడబలుక్కుంటున్నాను. ఊహలో ఆయన మూడుసార్లు ఓడిపోయారు.

సోమవారం భోజనాల వేళ స్టాఫ్‌రూముకు వెళ్లాను. హెడ్‌మాస్టరుగారు (మాకు ఆయన 'పెద్దసారు') టిఫిన్‌డబ్బా విప్పుకొని ఉన్నారు. నిద్ర తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేను మాత్రం వెళ్లి కాగితం మా సారు ముందు బల్ల మీద పెట్టి, భావం సరిగుంటే సొంత మాటలకు కూడా మార్కులివ్వాలని స్కీములో ఉంటుందని, కావాలంటే ఎవర్నైనా అడగమని చెప్పాను.

సారు ముఖం ఎర్రబడింది. ఏదో అనబోతుంటే పెద్దసారు చెయ్యి చాచి, కాగితం తీసుకొని, నా జవాబు చదివారు. చదువుతూ మామిడికాయ ముక్క చప్పరిస్తున్నవారు ఆగిపోయారు.

"సరిగనే ఉన్నది గదయ్యా," అన్నారు. "ఆ దుకానం ముచ్చట వదిలేస్తె."

సారు ఎర్రపెన్ను తీసి, రెండుసార్లు తిప్పిన ఆ సున్నను కొట్టేసి, పక్కన రెండు వేశారు. ఆ క్షణంలో నాకు శామీర్‌పేట చెరువు గట్టు మీద నిలబడి ఊరందరికీ వినిపించేలా అరవాలనిపించింది. పదహారూ రెండూ పద్దెనిమిది. గదిలోపల నా బెంచీ కూడా నాకు కనిపించింది.

"స్కీము ప్రకారం అడిగినవు," అన్నారు సారు, చాలా మెల్లగా. "ఇచ్చిన. ఇగ మిగిలింది గూడ స్కీము ప్రకారమే జూద్దమా?"

"జూడుండ్రి సార్," అన్నాను. తాత మాట అప్పుడు గుర్తొచ్చింది, కానీ అప్పటికే నోరు జారింది.

ఆయన మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. రెండు లెక్కల్లో జవాబు పక్కన ప్రమాణం రాయలేదు, ఒక్కోదానికి అర, మొత్తం ఒకటి పోయింది. స్క్రూగేజి బొమ్మకు ఇదివరకు మూడిచ్చారు, కానీ భాగాల పేర్లు సగమే ఉన్నాయి, అందులో ఒకటి పోయింది. ఓమ్ నియమంలో ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలన్న మాట వదిలేశాను, అర. బిట్‌పేపరులో ఒక చోట 'బి'ని దిద్ది 'సి' చేశాను, అర. ప్రతిదాని దగ్గరా పెన్ను ఆపి, "ఏమంటవు?" అని నన్ను అడిగారు. ప్రతిసారీ తాత అరుగు మీది గింజలు నా కళ్లముందు కదిలాయి. ఏమనగలను? "నిజమే సార్," అన్నాను నాలుగుసార్లు. అన్నిటికంటే బాధపెట్టిన సంగతి ఏమంటే, అరమార్కు కోస్తారని మేం ఆడిపోసుకున్న మనిషి నాకు తెలియకుండానే మూడు మార్కులు చూసీ చూడనట్టు వదిలేశారు.

కూడితే పదిహేను.

పెద్దసారు డబ్బా మూత పెడుతూ నవ్వు ఆపుకుంటున్నారు. సారు నావైపు చూశారు. ఆయన కళ్లలో కోపం పోయింది.

"పాత పదహారే ఉంచుత తియ్యి," అన్నారు.

తెలివైన పిల్లయితే అక్కడ దండం పెట్టి బయటికి వచ్చేది.

"వద్దు సార్. పదిహేనే వెయ్యుండ్రి," అన్నాను. "పదిహేను నావి."

పదిహేను వేశారు. మా బడి పుట్టినప్పటినుంచి మార్కుల కోసం కొట్లాడి ఉన్న మార్కు పోగొట్టుకొని వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అని సాయంత్రానికి ఐదో తరగతి పిల్లలకు కూడా తెలిసింది. లొల్లి అన్న పేరు పోయింది. ఆ ఏడాదంతా నా పేరు 'పదిహేను'. దుకాణంలో నాయిన ఆత్రంగా అడిగాడు.

"పడ్డయా బిడ్డా రెండు?"

"పడ్డయి నాయినా."

"మొత్తం ఎంతైనయి?"

"పదిహేను."

ఆయన కాసేపు లెక్క చూసుకున్నాడు. "మొన్న పదహారుండె గదనే?" విషయం చెప్పాను. ఆయన తీగ చుట్టడం ఆపకుండానే, "మోటారు బాగు చేయిద్దామని తెస్తే స్టార్టరు గూడ కాలిందని నేను గిరాకీలకు చెప్తా గద, గట్లనే అయింది నీది," అన్నాడు. తర్వాత తలెత్తి, "గానీ నా జవాబు సరైందే గద?" అన్నాడు. సరైందేనని చెప్పాను. ఆ రోజంతా ఆయన హుషారుగా ఉన్నాడు.

మర్నాటి నుంచి వరండా. మినిమం బ్యాచిలో పదకొండు మందిమి. సారు పది ప్రశ్నలు బోర్డు మీద రాసి బట్టీ పట్టమని లోపలికి వెళ్లారు. నేను పట్టలేదు. ఆ పదిట్లోంచి ఎన్నొస్తాయో ఎవరికి తెలుసు? వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఒక లెక్క వేసి, తాత చెప్పినట్టు ఏ ముక్కకు ఎంతో మిగతావాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. మొదట ఎవరూ వినలేదు. లెక్క తప్పినా సూత్రానికి మార్కొస్తుందని చెప్పగానే అందరూ దగ్గరికి జరిగారు. లెక్క తప్పడంలో మా అందరికీ మంచి అనుభవం ఉంది. నిద్ర గీసిన స్క్రూగేజి మేకకాలులా ఉండేది, కానీ ఒక్క భాగం పేరు తప్పేది కాదు. బొమ్మను చూసి నవ్వినవాళ్లను, "బొమ్మ కోసం గాదు, పేర్ల కోసం గీస్తున్న," అని నోరు మూయించేది. ప్రమాణాల పిచ్చి నాకు ఎంత ముదిరిందంటే, సోషల్ స్లిప్‌టెస్టులో జనాభా అంకె రాసి దాని పక్కన 'ప్రమాణం: మనుషులు' అని పెట్టాను. సోషల్ టీచరమ్మ దాని చుట్టూ గీత గీసి ప్రశ్నార్థకం పెట్టింది.

సాయంత్రం పాలిటెక్నిక్ క్లాసు. అది మాత్రం వదులుకోవడానికి నా మనసు ఒప్పలేదు. మొదటిరోజే వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. సారు హాజరు తీసుకొని, నన్ను చూసి అన్నారు.

"నీ పేరు లిస్టుల లేదు."

"లిస్టుల లేకుంటేంది సార్, బెంచి మీద ఉన్న గద."

పొమ్మంటారని పుస్తకాలు గట్టిగా పట్టుకున్నాను. ఆయన పాఠం మొదలుపెట్టారు. రెండోరోజు మళ్లీ, "నీ పేరు లిస్టుల లేదు." నేను లేవలేదు. మూడోరోజూ అంతే. పదిరోజులు ఇదే నడిచింది, దండం పెట్టి ప్రతినమస్కారం చేసినంత క్రమంగా. పదకొండో రోజున హాజరు పిలుస్తూ పిలుస్తూ మధ్యలో నా పేరు పిలిచేశారు. నేను "ఎస్ సార్" అనడం మరచిపోయి అలాగే చూస్తూ ఉంటే, "ఏంది, లేవా?" అన్నారు. ఆ తర్వాత ఒక రోజు వరండాలోకి కూడా వచ్చి, మా సుద్ద గీతలు తొక్కకుండా పక్కనుంచి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ దగ్గర వంగి, "గీ చుట్టకు పేరేది?" అని అడిగారు. నేను రాయలేదు. అక్కడే గోడవారన కూర్చొని ఆ పూటంతా మాకే పాఠం చెప్పారు. లోపలివాళ్లు కిటికీలోంచి తొంగి చూడటం మాకు ఎంత బాగుందో చెప్పలేను.

పబ్లిక్ పరీక్షకు మాకు మేడ్చల్‌లో సెంటరు పడింది. నాయిన రోజూ మోపెడు మీద దింపేవాడు. దారిపొడుగునా పండిన ద్రాక్ష వాసన, మధ్యమధ్య ఏదో ఒక తోట దగ్గర రైతు రోడ్డు మీదికొచ్చి మోటారు మళ్లీ కాలిందని నాయినను ఆపబోవడం, నాయిన ఆగకుండానే, "పిల్లకు పరీచ్చున్నది, తిరిగొచ్చేటప్పుడు జూస్త," అని అరవడం. ఫిజికల్ సైన్సు పేపరులో ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే విధానం అడిగారు. సూత్రం, బొమ్మ, భాగాల పేర్లు, పాయింట్లు, అన్నీ వేటికవి విడివిడిగా, దిద్దేవాడి చాయ్ చల్లారకముందే కనిపించేలా రాశాను. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ రైతులు ఎలా గుమిగూడతారో రాయాలని చెయ్యి గుంజింది. పెన్ను మూడుసార్లు అటు వెళ్లింది, మూడుసార్లు వెనక్కి లాక్కున్నాను. మంచి ముచ్చట పోయింది గానీ మార్కు మిగిలింది.

మార్కుల మెమోలు వచ్చాక బడికి వెళ్లాం. ఫిజికల్ సైన్సులో నాకు ముప్పై ఎనిమిది, నిద్రకు ఇరవై ఏడు. వరండాలో ఉన్న పదకొండు మందిలో ఇద్దరు తప్పితే అందరం పాసయ్యాం. మెమో తీసుకొని సారును వెతుక్కుంటూ వెళ్లాను. దండం పెట్టడానికి వెళ్లానని ఇంట్లో చెప్పాను, నిజానికి చూపించడానికే వెళ్లాను. ఆయన బయట స్కూటరు తుడుచుకుంటున్నారు. మెమో చూసి, అందరిలాగా మెచ్చుకోకుండా అడిగారు.

"మిగిలిన పన్నెండు ఏడ వోయినయి?"

పరీక్ష రాసిన రోజు సాయంత్రమే నేను ఆ లెక్క వేసుకున్నానని ఆయనకు తెలియదు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"బిట్లల్ల ఎనిమిది తప్పు వెట్టిన, నాలుగు. నాలుగు మార్కులది ఒకటి సగమే రాసిన, రెండు. బొమ్మల ఒక చుట్ట పేరు మరిచిన, ఒకటి. కెమిస్ట్రీల రెండు ప్రశ్నలు రాలె, నాలుగు. ఒక లెక్కల చుక్క తప్పు వెట్టిన, అర."

ఆయన వేళ్ల మీద కూడుకున్నారు. "పదకొండున్నర. ఇంకో అర?"

"గది మాత్రం ఎట్ల వోయిందో తెల్వలే సార్."

ఆయన మెమో నా చేతిలో పెట్టి, స్కూటరు స్టాండు తీసి, కిక్కు కొట్టి ఎక్కారు.

"గది నా అసుంటోడు ఎవడో కోసిండు తియ్యి," అని చెప్పి వెళ్లిపోయారు.

పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఎలక్ట్రికలే. చదివాను, ఉద్యోగంలో చేరాను, కరెంటు ఆఫీసులోనే ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మా ఊరి తోటలు పోయాయి, నాయిన దుకాణం ఎత్తేశాడు. మొన్నామధ్య మా ఆఫీసులో పనితీరు నివేదిక మీద సంతకం పెట్టమని పిలిచారు. ఏడాది మొత్తం నేను చేసిన పనికి ఎదురుగా 'సంతృప్తికరం' అని ఒక గడిలో టిక్కు ఉంది. దాని పైన ఇంకా మంచి గడులు రెండున్నాయి. మా పై అధికారి మర్యాదస్థుడు. "చదువుకోండి మేడం, ఏమన్న అడగాలనుంటే అడగొచ్చు," అన్నాడు. ఆ రెండు ఖాళీ గడుల మీద నా చూపు కాసేపు నిలిచింది. ఏ పనికి ఎంత వేశారు, ఎక్కడ కోశారు, ఎందుకు కోశారు, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. గోడ గడియారం ఐదు చూపిస్తోంది. ఐదూ పదికి నా బస్సు.

"ఏం లేదు సార్," అని సంతకం పెట్టేశాను.

బస్సు కదిలాక నవ్వొచ్చింది. ఆ పదో తరగతి పిల్ల గనక ఆ గదిలో ఉండి ఉంటే అడగకుండా కుర్చీలోంచి లేచేది కాదు. అడిగి, బహుశా ఉన్న సంతృప్తికరాన్ని కూడా పోగొట్టుకొని, తలెత్తుకొని మెట్లు దిగేది, బస్సు వెళ్లిపోతే నడిచి ఇంటికొచ్చేది. నాకు మాత్రం కిటికీ పక్కన సీటు దొరికింది.